సర్వర్ మార్చాక రెండేసి కనిపించే మెయిల్ ఫోల్డర్లను సరిచేయడం

కొరియర్ ఐమ్యాప్ అనే మెయిల్ సర్వర్ నుంచి డవ్‌కాట్ అనే మరో మెయిల్ సర్వర్‌కు మారిన సంస్థల్లో, మర్నాటి నుంచే సెంట్ ఫోల్డర్లు రెండు, ట్రాష్‌లు రెండు, డ్రాఫ్ట్స్ రెండు కనిపిస్తున్నాయన్న ఫిర్యాదులు రావడం మామూలే. ఆ సమయంలో అదనంగా అనిపించినదాన్ని వెంటనే డిలీట్ చేయకూడదు. తెర మీద రెండుగా కనిపించేవి డిస్కులో నిజంగానే రెండు ఫోల్డర్లు కావచ్చు, లేదా ఒకే ఫోల్డరుకు రెండు పేర్లు కావచ్చు. ఒకే ఫోల్డరు అయితే ఏ పేరు మీద డిలీట్ నొక్కినా పోయేది అసలు మెయిళ్లే.

కొరియర్‌లో ఫోల్డర్లన్నీ ఇన్‌బాక్స్ కిందే ఉంటాయి కాబట్టి ప్రతి పేరుకూ ముందు 'ఇన్‌బాక్స్', ఆపై ఒక చుక్క వస్తాయి. డవ్‌కాట్ మామూలు అమరికలో ఈ ముందుమాట ఉండదు. పాత క్లయింట్లు (వాడుకరులు మెయిల్ చూసే ప్రోగ్రాములు) తడబడకుండా ఉండేందుకు ఆ ముందుమాటతో మరొక నేమ్‌స్పేస్‌ను, అంటే ఫోల్డర్ పేర్ల విభాగాన్ని, పెడతారు. దానిని జాబితాలో చూపవద్దని చెప్పే లిస్ట్ సెట్టింగును 'నో' అని పెట్టడం మరిచిపోతే, ఒకే ఫోల్డరు రెండు చోట్ల కనిపిస్తుంది. అసలు ఆ నేమ్‌స్పేసే పెట్టకపోతే, పాత సెట్టింగుతో నడుస్తున్న క్లయింటు తనకు కావలసిన సెంట్ ఫోల్డరును కొత్తగా సృష్టించుకుంటుంది. అప్పుడు నిజంగానే రెండు ఏర్పడతాయి.

తేడా తేల్చడానికి ఒక పరీక్ష మెయిలును మొదటి ఫోల్డరులోకి కాపీ చేసి, రెండోదాన్ని తెరిచి చూడండి. అక్కడా కనిపిస్తే రెండూ ఒకటే, సరిచేయవలసింది సర్వర్ కాన్ఫిగరేషను మాత్రమే. కనిపించకపోతే సర్వర్ డిస్కులో మెయిళ్లు నిలవ ఉండే మెయిల్‌డిర్ డైరెక్టరీలో చుక్కతో మొదలయ్యే ఫోల్డర్ల పేర్లు చూడండి. చుక్క సెంట్, చుక్క ఇన్‌బాక్స్ చుక్క సెంట్ పక్కపక్కన ఉంటే అవి వేర్వేరు. ఆండ్ గుర్తుతో మొదలై అర్థం కాని ఇంగ్లీషు అక్షరాలుగా కనిపించే పేర్లు ఉంటే వాటిని చెత్త అనుకోకండి. వాడుకరి తెలుగులో పేరు పెట్టుకున్న ఫోల్డరు డిస్కు మీద మార్పు చేసిన యూటీఎఫ్-7 (ఇతర లిపులను ఇంగ్లీషు అక్షరాలతో రాసే పద్ధతి) రూపంలో అలాగే నిలవ ఉండవచ్చు.

జాబితాలో పేరున్నా తెరుచుకోని ఫోల్డర్ల సంగతి తేలిక. ఏ ఫోల్డర్లను చూపాలో రాసి ఉండే పాత సబ్‌స్క్రిప్షన్ ఫైలును ముందుమాటతో సహా కాపీ చేసినప్పుడు అవి మిగిలిపోతాయి. ఫైలులో ముందుమాటను తీసేస్తే సరిపోతుంది.

నిజంగా రెండు ఉన్నప్పుడు, ముందు ఆ మెయిల్‌బాక్స్ మొత్తానికి బ్యాకప్ తీసి, క్లయింట్లన్నిటినీ మూయించి, డవ్‌కాట్‌తో వచ్చే డవ్‌ఆడ్మ్ కమాండులోని మూవ్‌తో మెయిళ్లను ఒకే ఫోల్డరులోకి చేర్చండి. తర్వాత రెండు ఫోల్డర్లలోని సంఖ్యలనూ చూసి, ఖాళీ అయిందని రూఢి చేసుకున్నాకే రెండోదాన్ని తొలగించండి. ఒకే మెయిలు రెండుసార్లు చేరితే డీడూప్లికేట్ అనే ఉపకమాండు ఉంది గాని, మెసేజ్ ఐడీని (మెయిలు శీర్షికలో ఉండే గుర్తింపును) బట్టి ఏరివేసే ఐచ్ఛికాన్ని వాడేటప్పుడు జాగ్రత్త అవసరం. ఒకే ఐడీతో ఉన్నా, మెయిలింగ్ లిస్టు ద్వారా వచ్చిన ప్రతిలో అడుగున అదనపు పాఠం ఉండవచ్చు. వాడుకరి అడగనిదే దాన్ని నడపకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

ఆపై మళ్లీ రెండు పుట్టకుండా, ఏ ఫోల్డరు ఏ పనికో సర్వరే చెప్పేలా చేయాలి. 2011లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 6154 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ప్రకారం సెంట్, ట్రాష్, డ్రాఫ్ట్స్, జంక్ ఫోల్డర్లకు ప్రత్యేక గుర్తులు పెట్టవచ్చు. డవ్‌కాట్ నమూనా కాన్ఫిగరేషనులో 'సెంట్'కూ, 'సెంట్ మెసేజెస్'కూ ఒకే గుర్తు కనిపిస్తుంది, ఒకదానికే ఉంచండి. ఇక థండర్‌బర్డ్ అనే క్లయింటులో ఖాతా సర్వర్ సెట్టింగుల అడ్వాన్స్‌డ్ విభాగంలో పాత ఇన్‌బాక్స్ ముందుమాట ఉంటే తీసేసి, కాపీలు, ఫోల్డర్ల పేజీలో సెంట్, డ్రాఫ్ట్స్ సరైన ఫోల్డర్లనే చూపుతున్నాయో లేదో సరిచూడండి. ఫోన్లలోని మెయిల్ యాప్‌లలోనూ ఇదే చేయాలి, ఎందుకంటే పాత సెట్టింగుతో మిగిలిన ఒక్క ఫోను కూడా తర్వాతి మెయిలు పంపగానే తొలగించిన ఫోల్డరును మళ్లీ సృష్టించగలదు.