బేస్‌బాల్ జట్టు పద్దు చదవడం – 3వ పాఠం: పిచర్ల మీద ఖర్చు

మొదటి పాఠంలో 26 మంది రోస్టర్‌కీ (జట్టు ఆటగాళ్ల జాబితాకీ) 40 మంది రోస్టర్‌కీ ఉన్న తేడా చూశాం. రెండో పాఠంలో బ్యాటర్ల జీతాలను ఎలా పోల్చాలో చూశాం. ఈసారి పిచర్ల, అంటే బ్యాటర్‌కు బంతి విసిరేవాళ్ల, వంతు. ఆటగాళ్లను తెచ్చేదీ, వదులుకునేదీ, ఒప్పందాలు రాసేదీ ఫ్రంట్ ఆఫీస్ అని చెప్పుకున్నాం కదా, దాని పనితనం నిగ్గుతేలేది ఈ పద్దులోనే అని నా నమ్మకం. ఒంట్లో బాగుంటే బ్యాటర్ ఏడాదికి 150 ఆటలు ఆడతాడు. ఆటను మొదలుపెట్టే స్టార్టింగ్ పిచర్ (స్టార్టర్) ఐదారు రోజులకోసారి దిగుతాడు. అంతా సవ్యంగా సాగితే ఏడాదికి ముప్పై ఆటలు. మోచేయి స్నాయువు తెగిందా, ఏడాదికి పైగా మైదానంలో కనిపించడు. జీతం మాత్రం ఆగదు.

ఈ పాఠం అయ్యేసరికి మీరు ఏ జట్టు పిచింగ్ ఖర్చునైనా ఒక్క కాగితం మీద వేసి, డబ్బు ఎక్కడ పనిచేసిందో, ఎక్కడ మునిగిందో చెప్పగలగాలి. ఉదాహరణకు 2023 నాటి టెక్సస్ రేంజర్స్‌ను తీసుకుంటున్నాను. ఆ ఏడాదే ఆ జట్టు మొట్టమొదటిసారి వరల్డ్ సిరీస్, అంటే లీగ్ ఆఖరి పోరు, గెలిచింది. డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ఇర్వింగ్ లాంటి చోట్ల స్థిరపడ్డ తెలుగువాళ్లకు అది ఊళ్లో జట్టే. నేను ఎంచుకున్న కారణం వేరు. పిచర్ల మీద డబ్బు పోయే దారులు దాదాపు అన్నీ ఆ ఒక్క సీజన్లోనే దొరుకుతాయి.

ఇన్నింగ్స్ ఖాతా తెరవండి

పేర్లు, జీతాలు కాసేపు పక్కన పెట్టండి. కాగితం పైన ఒక అంకె వేయండి: 1,458. ఆటకు తొమ్మిది ఇన్నింగ్స్, సీజన్‌కు 162 ఆటలు. క్రికెట్‌లా కాకుండా ఇక్కడ పిచర్ మూడు అవుట్లు తీస్తే ఒక ఇన్నింగ్స్ వేసినట్టు. పరాయి మైదానంలో వెనకబడి ఉంటే తొమ్మిదో ఇన్నింగ్స్ వేసే పనే ఉండదు కాబట్టి, అదనపు ఇన్నింగ్స్ ఆటలు కొన్ని కలిసినా మొత్తం రమారమి 1,440 దగ్గర తేలుతుంది. అక్టోబరు రాకముందే ఫ్రంట్ ఆఫీస్ ఎవరో ఒకరి చేత ఇన్నీ వేయించి తీరాలి. పిచర్లు గాయపడ్డారని లీగ్ ఒక్క ఆట కూడా తగ్గించదు.

ఇప్పుడు ధరలు. అమెరికా బేస్‌బాల్ పైస్థాయి అయిన మేజర్ లీగ్‌లో పిచర్ ధర అతని నైపుణ్యం కన్నా ముందు అతని సర్వీసు మీద ఆధారపడుతుంది. 172 రోజులు రోస్టర్ మీద ఉంటే ఒక ఏడాది సర్వీసు. మూడేళ్లు నిండేదాకా మామూలుగా జట్టు చెప్పిందే జీతం, అది కనీస జీతానికి కాస్త అటూఇటూ. 2023లో ఆ కనీసం 7.2 లక్షల డాలర్లు. మూడేళ్లు దాటాక ఆర్బిట్రేషన్: జట్టుకూ ఆటగాడికీ బేరం కుదరకపోతే మధ్యవర్తులు ఇద్దరి అంకెల్లో ఏదో ఒకటి ఖాయం చేస్తారు, మధ్యేమార్గం ఉండదు. ఆరేళ్లు నిండితే ఫ్రీ ఏజెంట్, ఎక్కువ ఇచ్చినవాళ్ల దగ్గరికి వెళ్లొచ్చు. అందుకే పక్కపక్కన కూర్చున్న ఇద్దరు పిచర్లు ఒకే పని చేస్తున్నా, ఒకరి జీతం మరొకరి జీతానికి ముప్పై రెట్లు ఉండవచ్చు.

రేంజర్స్ ఖాతా

2022 చివర్లో రేంజర్స్ జనరల్ మేనేజర్ క్రిస్ యంగ్ బజారుకు దిగాడు. అతను స్వయంగా ఒకప్పటి మేజర్ లీగ్ పిచర్. జేకబ్ డిగ్రామ్‌కు ఐదేళ్లకు 18.5 కోట్ల డాలర్లు. నేథన్ ఇవాల్డీకి రెండేళ్లకు 3.4 కోట్లు. ఆండ్రూ హీనీకి రెండేళ్లకు 2.5 కోట్లు. మార్టిన్ పెరెజ్‌ను ఒక్క ఏడాదికి 1.965 కోట్లిచ్చి నిలుపుకున్నారు. జాన్ గ్రే అంతకు ముందే నాలుగేళ్లకు 5.6 కోట్ల ఒప్పందం మీద ఉన్నాడు. ఐదుగురూ బయటి ధరకు కొన్నవాళ్లే. వీళ్లు కాక అట్లాంటా నుంచి జేక్ ఒడొరిజ్జీని ట్రేడ్‌లో (ఆటగాళ్ల మార్పిడిలో) తెచ్చుకున్నారు.

పేరు పక్కన సగటు వార్షిక జీతం వేయండి, అంటే ఒప్పందం మొత్తాన్ని ఏళ్లతో భాగించిన అంకె. ఆ ఏడాది చేతికి నిజంగా ఎంత ఇచ్చారన్నది వేరే సంగతి: డిగ్రామ్‌కు 2023లో అందింది 3 కోట్లే, సగటు మాత్రం 3.7 కోట్లు. లగ్జరీ ట్యాక్స్ లెక్కలో లీగ్ చూసేది సగటునే, అందుకే మనమూ అదే వాడదాం. 2023లో ఆ ట్యాక్స్ గీత 23.3 కోట్ల దగ్గర ఉంది. మొత్తం జట్టు జీతాలు దాన్ని దాటితే దాటినంత మేరకు మొదటి ఏడాది 20 శాతం, వరుసగా రెండో ఏడాదీ దాటితే 30, మూడో ఏడాది నుంచి 50. రేంజర్స్ ఆ ఏడాది గీత దాటి ట్యాక్స్ కట్టింది. అంటే ఆఖర్న తెచ్చుకున్న పిచర్ ధర అతని జీతం ఒక్కటే కాదు, దాని మీద పడే ట్యాక్స్ కూడా.

ఇక సీజన్ ఏం చేసిందో చూడండి. డిగ్రామ్ ఆరు ఆటలు మొదలుపెట్టి, ఏప్రిల్ చివర మోచేయి పట్టుకుని బయటికి వచ్చాడు. జూన్‌లో టామీ జాన్ సర్జరీ, అంటే మోచేయి స్నాయువు ఆపరేషన్. మొత్తం ముప్పై ఇన్నింగ్స్. ఒడొరిజ్జీ భుజం సర్జరీతో ఒక్క ఇన్నింగ్స్ కూడా వేయలేదు. మిగతావాళ్లు: గ్రే 157, హీనీ 147, ఇవాల్డీ 144, పెరెజ్ 141.

అందరికన్నా ఎక్కువ ఇన్నింగ్స్ వేసినవాడి పేరు ఈ ఐదుగురిలో లేదు. డేన్ డనింగ్, 172. సీజన్ మొదట్లో అతనికి స్టార్టర్‌గా చోటే లేదు, స్టార్టర్ తర్వాత దిగే పిచర్ల గుంపు అయిన బుల్‌పెన్‌లో కూర్చున్నాడు. డిగ్రామ్ చెయ్యి పోయాక పిలిచారు. అప్పటికి మూడేళ్ల సర్వీసు నిండలేదు కాబట్టి జీతం కనీసానికి దగ్గర్లోనే. అతను 2020 డిసెంబరులో లాన్స్ లిన్‌ను చికాగో వైట్ సాక్స్‌కు ఇచ్చి తెచ్చుకున్న కుర్రాడు.

ఇప్పుడు భాగహారం చేయండి. డనింగ్ ఇన్నింగ్స్‌కు రమారమి 4,200 డాలర్లు. హీనీ 85 వేలు, గ్రే 89 వేలు, ఇవాల్డీ 1.18 లక్షలు, పెరెజ్ 1.39 లక్షలు. డిగ్రామ్ 12 లక్షలు.

ఈ వరుస చూడగానే డిగ్రామ్ ఒప్పందం తప్పని రాసేయకండి. నేర్చుకునేవాళ్లు సాధారణంగా ఇక్కడే తొందరపడతారు. ఒక్క ఏడాది ఖాతాతో ఐదేళ్ల ఒప్పందానికి తీర్పు చెప్పకూడదు. అదే డిగ్రామ్ 2025లో 30 ఆటలు మొదలుపెట్టి 2.97 ఈఆర్‌ఏతో ముగించాడు. తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున మూడు పరుగులు కూడా ఇవ్వలేదన్నమాట. ఈ వరుస చెప్పేది ఇంకొకటి: పెద్ద ధర పెట్టి కొన్న ప్రతి స్టార్టర్ వెనకా ఒక డనింగ్ ఉన్నాడా లేడా? మీ కాగితంలో మొదటి ఐదుగురితో ఆగకండి. ఆరు, ఏడు, ఎనిమిదో పేర్లు రాసి, వాళ్లకు ఎంత ఇస్తున్నారో చూడండి. ఫ్రంట్ ఆఫీస్ ఎంత ముందుచూపుతో ఉందో ఆ మూడు పేర్లు చెప్పినంత బాగా మొదటి పేరు చెప్పదని నేను గట్టిగా నమ్ముతాను.

తిరిగిరాని డబ్బు

మేజర్ లీగ్ ఒప్పందాలు సాధారణంగా పూర్తి హామీతో ఉంటాయి. దీని బరువెంతో వాషింగ్టన్ నేషనల్స్‌కు బాగా తెలుసు. 2019లో స్టీఫెన్ స్ట్రాస్‌బర్గ్ ఆ జట్టును గెలిపించి వరల్డ్ సిరీస్ ఎంవీపీ (అత్యుత్తమ ఆటగాడు) అయ్యాడు. ఆ డిసెంబరులోనే ఏడేళ్లకు 24.5 కోట్ల డాలర్ల ఒప్పందం. ఆ తర్వాత అతను పిచ్ చేసింది మొత్తం ఎనిమిది ఆటలు. భుజం దగ్గర నరాల సమస్య అతని కెరీర్‌నే ముగించింది. ఏ స్కౌటూ అతని ప్రతిభను తప్పుగా అంచనా వేయలేదు, శరీరం సహకరించలేదంతే. నాకైతే ఆ ఒప్పందం చూస్తే కోపం రాదు, బాధ కలుగుతుంది.

అందుకే పిచర్ ధరలో వైద్య నివేదికకు అంత పాత్ర. దీనికి మనవాళ్లు తెలుసుకోవాల్సిన ఉదాహరణ కుమార్ రాకర్. తండ్రి ట్రేసీ రాకర్ అమెరికన్ ఫుట్‌బాల్ ఆడినవాడు, తల్లి లలిత భారతీయ సంతతి. వాండర్‌బిల్ట్ యూనివర్సిటీలో కుమార్ పేరు దేశమంతా మారుమోగింది. 2021 డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు కొత్త కుర్రాళ్లను వంతులవారీగా ఎంచుకునే చోట, న్యూయార్క్ మెట్స్ పదో పిక్‌తో (వంతుతో) అతన్ని ఎంచుకుంది. 60 లక్షల డాలర్ల బోనస్‌కు మాట కుదిరిందని వార్తలొచ్చాయి. వైద్య పరీక్షలు చూశాక మెట్స్ ఒప్పందం చేసుకోలేదు. ఆ సెప్టెంబరులో అతనికి భుజం సర్జరీ అయింది. మరుసటి ఏడాది అదే కుమార్‌ను రేంజర్స్ మూడో పిక్‌తో తీసుకుంది.

ఇక్కడ లెక్క జాగ్రత్తగా చూడండి. మూడో పిక్‌కు లీగ్ కట్టిన విలువ సుమారు 76 లక్షలు. కుమార్ 52 లక్షలకు సంతకం చేశాడు. మిగిలిన 24 లక్షలు డ్రాఫ్ట్ బోనస్ నిధిలోనే ఉంటాయి, మరో ఆటగాడి మీద వాడుకోవచ్చు. కోరీ సీగర్, మార్కస్ సెమియన్ అనే బ్యాటర్లను ఫ్రీ ఏజెంట్లుగా తీసుకున్నందుకు రేంజర్స్ ఆ ఏడాది రెండు, మూడు రౌండ్ల పిక్‌లు పోగొట్టుకుంది. నాలుగో రౌండ్‌లో బ్రాక్ పోర్టర్ అనే హైస్కూల్ పిచర్‌కు 37 లక్షలిచ్చి కాలేజీకి పోకుండా ఆపింది. ఒక పిక్ విలువలో ఇద్దరు పిచర్లకు దారి దొరికింది. 2023 మేలో కుమార్‌కు మోచేయి సర్జరీ కూడా అయింది. అయినా 2024 సెప్టెంబరు 12న సియాటెల్‌లో మేజర్ లీగ్‌లో అడుగుపెట్టాడు. ఆ వేసవిలో రేంజర్స్ డబుల్-ఏ (మైనర్ లీగ్) జట్టయిన ఫ్రిస్కో రఫ్‌రైడర్స్ తరఫున కూడా పిచ్ చేశాడు. ఫ్రిస్కోలో ఉండేవాళ్లకు నా సలహా ఒక్కటే: ఆ మైదానానికి వెళ్లండి. మీ కాగితంలో ఆరు, ఏడు, ఎనిమిదో పేర్లు తయారయ్యే చోట్లలో అదొకటి.

కుర్రాళ్లతో కొనడం

జీతాల పద్దులో కనిపించని ఖర్చు ఒకటుంది, ట్రేడ్. 2023 జూన్ 30న రేంజర్స్ బుల్‌పెన్ కోసం కాన్సస్ సిటీ నుంచి అరోల్డిస్ చాప్‌మన్‌ను తెచ్చుకుంది. బుల్‌పెన్ అప్పటికే ఆటలు చేజార్చుకుంటోంది. ఆ ఏడాది మొత్తం మీద ఆధిక్యం కాపాడిన ఆటల కన్నా చెడగొట్టిన అవకాశాలే ఎక్కువ తేలాయి. జూలై ఆఖర్న సెయింట్ లూయిస్ నుంచి జోర్డన్ మాంట్‌గొమరీ వచ్చాడు. మెట్స్ నుంచి మ్యాక్స్ షెర్జర్ వచ్చాడు. షెర్జర్‌కు మిగిలిన జీతంలో పెద్ద వాటా మెట్స్ భరించింది, ప్రతిగా లూయిసాన్హెల్ అకూన్యా అనే కుర్రాణ్ని తీసుకుంది. గమనించండి: మెట్స్ తన డబ్బుతో అకూన్యాను కొనుక్కుంది. రేంజర్స్ తన కుర్రాడితో జీతం బరువు తగ్గించుకుంది.

మాంట్‌గొమరీ టాంపా బే మీద మొదటి ప్లేఆఫ్ ఆటలోనే ఏడు ఇన్నింగ్స్ ఒక్క పరుగూ ఇవ్వకుండా వేశాడు. ఆ ప్లేఆఫ్స్‌లో ఇవాల్డీ ఐదు గెలిచి ఒక్కటీ ఓడలేదు. వరల్డ్ సిరీస్ మూడో ఆటలో షెర్జర్ వెన్ను పట్టేసి మూడు ఇన్నింగ్స్‌కే దిగిపోతే జాన్ గ్రే వచ్చి మూడు ఇన్నింగ్స్ పరుగు ఇవ్వకుండా ఆపాడు. ఆ రాత్రి రేంజర్స్ 3-1తో గెలిచింది. స్టార్టర్‌గా తెచ్చుకున్నవాణ్ని రిలీవర్‌గా (మధ్యలో దిగేవాడిగా) వాడుకోగలగడం కూడా కొన్న సరుకులో భాగమే. మీ కాగితంలో అలాంటివాళ్ల పేరు పక్కన ఒక గుర్తు పెట్టండి.

చాప్‌మన్ కోసం ఇచ్చినవాళ్లలో కోల్ రాగన్స్ ఉన్నాడు. 2016లో రేంజర్స్ మొదటి రౌండ్ పిక్, రెండు టామీ జాన్ సర్జరీలు చేయించుకుని తిరిగొచ్చిన ఎడమచేతి పిచర్. జట్టు అతని కోసం ఏళ్ల తరబడి ఓపిక పట్టింది. కాన్సస్ సిటీకి వెళ్లాక అతను ఆల్-స్టార్ అయ్యాడు. 2024 ప్లేఆఫ్స్ మొదటి ఆటలో బాల్టిమోర్ మీద ఆరు ఇన్నింగ్స్ పరుగు ఇవ్వకుండా వేసి జట్టును 1-0తో గెలిపించాడు. రేంజర్స్ ఆ ఏడాది 78 గెలిచి 84 ఓడి, ప్లేఆఫ్స్‌కు కూడా రాలేదు.

అయితే ఆ ట్రేడ్ నష్టమా? ట్రోఫీ రేంజర్స్ సొంతూరు ఆర్లింగ్టన్‌లో ఉంది. చాప్‌మన్ లేకున్నా అది వచ్చేదని ఎవరూ రుజువు చేయలేరు. నా మటుకు యంగ్ స్థానంలో ఉంటే నేనూ చేసేవాణ్నే, కాకపోతే రాగన్స్‌ను కాక మరొకర్ని ఇవ్వడానికి చివరిదాకా బేరమాడేవాణ్ని. అయినా ఖాతాలో మాత్రం రాగన్స్‌ను ఖర్చు వైపే రాయాలి. అతను 2023, 2024లలో అక్కడ వేసిన ప్రతి ఇన్నింగ్స్ కనీస జీతం స్థాయిలో రేంజర్స్‌కు దొరకాల్సింది.

అభ్యాసం

మీకు నచ్చిన ఒక జట్టు, ముగిసిపోయిన ఒక సీజన్ ఎంచుకోండి. పైన 1,440 వేసి, ఎక్కువ ఇన్నింగ్స్ వేసిన పదిమంది పిచర్లను వరుసగా రాయండి. ప్రతి పేరు పక్కన నాలుగు విషయాలు: వేసిన ఇన్నింగ్స్, సగటు జీతం, సర్వీసు దశ, ఎలా వచ్చాడు – డ్రాఫ్టా, ట్రేడా, ఫ్రీ ఏజెంటా. ట్రేడ్ అయితే బదులుగా వెళ్లినవాడి పేరు ఎర్ర సిరాతో. సీజన్ మొదట్లో ఐదుగురు స్టార్టర్లు ఎవరో విడిగా రాసి, వాళ్లంతా కలిసి వేసిన ఇన్నింగ్స్ కూడండి. రేంజర్స్‌కు అది 620 దగ్గర తేలుతుంది. మొత్తంలో సగం కూడా లేదు.

మిగిలిన 820 ఎవరు వేశారు? అందులో పెద్ద వాటా బుల్‌పెన్‌ది. 15 లక్షల డాలర్లకు ఒక్క ఏడాదికి వచ్చిన విల్ స్మిత్ నుంచి, వరల్డ్ సిరీస్ ఆఖరి అవుట్ తీసిన జాష్ స్బోర్జ్ దాకా అక్కడే ఉన్నారు. కుర్ర పిచర్లను మైనర్ లీగ్‌కు పంపుతూ పిలుస్తూ ఆ ఇన్నింగ్స్‌ను చౌకగా నింపే పద్ధతి నాలుగో పాఠంలో. అప్పటికి మీ కాగితం సిద్ధంగా ఉంచుకోండి, దాని మీదే పనిచేద్దాం.