కలంకారీ నలుపు ఇంట్లో ఎలా తయారు చేసుకోవాలి?

అరకిలో తుప్పు మేకులు, వంద గ్రాముల బెల్లం, రెండు లీటర్ల నీళ్లు మట్టికుండలో వేసి, మూతికి గుడ్డ కట్టి నీడన పెట్టండి. బిగుతు మూత వద్దు, పులిసేటప్పుడు గ్యాస్ పుడుతుంది. బెల్లంలో సగం తాటిబెల్లమే ఉండాలి. మూడు వారాలు ఆగి వడగట్టండి. ఈ భాగం చిన్నపిల్లలైనా చేస్తారు.

పదో రోజుకే గుడ్డ విప్పి చూసి "నల్లగా లేదేంటి?" అని టెన్షన్ పడతారు. నలుపు కుండలో ఉండదండీ! బెల్లం పులిసి పుట్టిన ఆమ్లంలో ఇనుము కరుగుతుంది, అంతే. కరక్కాయ పట్టిన గుడ్డ మీద పడ్డాకే, ఆ వగరుతో కలిసి నల్లబడుతుంది.

కాబట్టి అసలు పరీక్ష గుడ్డ దగ్గరే. నూలుగుడ్డని గంజి పూర్తిగా వదిలేదాకా ఉతికి ఆరబెట్టండి. కరక్కాయ గింజ తీసేసి, పెచ్చులు దంచి, ఆ పొడిని పచ్చి గేదెపాలల్లో కలపండి. ప్యాకెట్ పాలతో నా దగ్గరికి రావద్దు. గీత పాకకుండా ఆపేది పాలలోని కొవ్వే. గుడ్డ ముంచి, మడత మడతకీ పాలు అందేలా పిసికి, మెలిపెట్టకుండా పిండి, ఎండలో నేలమీద చాప వేసి పరచండి. దండెం మీద వేయకండి! నాకెవరూ నేర్పలేదు, మొదటిసారి దండెం మీదే వేశాను. పాలన్నీ కిందికి దిగిపోయాయి. తీరా బొమ్మ వేస్తే రాముడి పాదాలు సన్నటి గీతతో ముచ్చటగా వచ్చాయి, కిరీటం మాత్రం మబ్బులా పాకింది.

అంచున ఒక గీత గీసి చూడండి. పాకిందా, మళ్లీ పాలల్లో ముంచాలి. బూడిదరంగులోనే ఉండిపోయిందా, కుండ ఇంకో వారం ఆగాలి.

వెనిగర్‌లో మేకులు వేస్తే త్వరగా అయిపోతుందని కొందరంటారు. అవుతుంది. పులుపు ఎక్కువైతే గీసినచోటే గుడ్డ చివికిపోతుంది కూడా. పెడనవాళ్లలా అచ్చులు అద్దితే ఇంత తంటా ఉండదు కదా అని అడిగేవాళ్లూ ఉన్నారు. మనది శ్రీకాళహస్తి పద్ధతి, చేత్తో గీసేది.

వెదురుపుల్ల మొన చెక్కి, కాస్త పైన ఉన్నిగుడ్డ చుట్టి దారం కడితే కలం రెడీ. గీశాక ఒక రోజు ఆరనిచ్చి, పారే నీళ్లలో జాడించండి. బకెట్లో నానబెడితే ఊడిన నలుపు తెల్లటి చోట్లకి అంటుకుంటుంది.