పాలగడ్డ అనుకున్నది కరగకపోతే

బాలింతకు రొమ్ములో గడ్డ తగిలిందంటే వరంగల్ దిక్కు తల్లిగారింట్లో మొదట వినిపించే మాట ఒకటే: "పాలగడ్డ బిడ్డా, కాపడం పెట్టుకో." చాలాసార్లు అది నిజమే. కాకపోతే గర్భిణికైనా బాలింతకైనా ఒక్కోసారి అది రొమ్ము క్యాన్సర్ కావచ్చు, అందుకే ఆ మాటకు 2 వారాల గడువు పెట్టుకోవాలి.

సమస్య: గడ్డ తగులుతోంది

బిడ్డ తాగి, రొమ్ము మెత్తబడ్డాక వేళ్లతో నెమ్మదిగా తడిమి చూడండి. పాలు నిలిచి కట్టిన గడ్డ సలుపుతుంది, తాగించాక తగ్గుతుంది, ఒకట్రెండు రోజుల్లో కరుగుతుంది. తాగించినా అదే చోట, అంతే గట్టిగా ఉంటే అనుమానించాలి. నొప్పి లేదు కదా అని ధైర్యపడొద్దు, క్యాన్సర్ గడ్డ తరచూ నొప్పి పెట్టదు. నలిపి కరిగించాలనీ చూడొద్దు, వాపు పెరుగుతుంది.

పరిష్కారం: సర్జన్‌కు చూపించి అల్ట్రాసౌండ్ చేయించుకోండి. కడుపుతో ఉన్నా దాంతో బిడ్డకు హాని లేదు. అవసరమైతే సూదితో ముక్క తీసి పరీక్షిస్తారు (బయాప్సీ). ల్యాబ్ చీటీ మీద "గర్భిణి" అనో "పాలిస్తోంది" అనో తప్పక రాయించండి, లేకుంటే రిపోర్టు తప్పుగా వచ్చే ప్రమాదం ఉంది. డాక్టరు "కాన్పయ్యాక చూద్దాం" అంటే ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్లండి.

సమస్య: ఎరుపు, వాపు, జ్వరం

ఎక్కువగా ఇన్ఫెక్షనే. యాంటీబయాటిక్ మొదలుపెట్టాక 2, 3 రోజుల్లో తేడా తెలియాలి. కోర్సు అయిపోయినా ఎరుపు పోక, చర్మం బత్తాయి తొక్కలా గుంటలు పడితే మళ్లీ అదే మందు వాడుతూ కూర్చోవద్దు. స్కాన్, బయాప్సీ అడగండి.

సమస్య: చనుమొన నుంచి రక్తం

కాన్పు అయిన కొత్తలో రెండు పక్కలా తుప్పు నీళ్లలా రావచ్చు, సాధారణంగా వారంలో ఆగుతుంది. ఒక పక్కే ఆగకుండా వస్తుంటే, మొన లోపలికి లాక్కుపోతే చూపించాల్సిందే.

క్యాన్సర్ అని తేలితే

ఇంట్లో మొదటి టెన్షన్: "కడుపు తీయించాలా?" తీయించినంత మాత్రాన తల్లి ఆయుష్షు పెరగదు. ఆపరేషన్ ఏ నెలలోనైనా చేయొచ్చు. కీమో (క్యాన్సర్‌ను చంపే మందులు) మొదటి 3 నెలలు దాటాకే ఇస్తారు, కాన్పుకు సుమారు 3 వారాల ముందు ఆపుతారు. రేడియేషన్, హార్మోన్ మాత్రలు కాన్పు తర్వాతే. కీమో నడుస్తుండగా పాలివ్వకూడదు. డబ్బా పాలు పట్టినందుకు ఎవరేమన్నా పట్టించుకోకండి.

ఖర్చు సంగతి ఆసుపత్రిలోని ఆరోగ్యశ్రీ కౌంటర్లో మొదటిరోజే అడగండి. తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి దాని పరిమితి 10 లక్షల రూపాయలు. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్లమని రాసిస్తే, స్కాన్లతో పాటు గర్భిణి కార్డు కూడా ఫైల్లో పెట్టుకోండి. ఎన్నో వారమన్నది చూశాకే ఏ మందు ఎప్పుడివ్వాలో నిర్ణయిస్తారు.