ఫ్రీ పాస్కల్ మొదలుపెట్టే ముందు కొన్ని జాగ్రత్తలు

నిక్లాస్ విర్త్ 1970లో పాస్కల్ అనే ప్రోగ్రామింగ్ భాషని ముఖ్యంగా చదువు చెప్పడానికి తయారుచేశారు. ఇప్పుడు ఫ్రీ పాస్కల్ కంపైలర్ (రాసిన ప్రోగ్రామ్‌ని కంప్యూటర్ నడపగలిగే ఫైల్‌గా మార్చేది), లాజరస్ (ఆ కంపైలర్‌తో ప్రోగ్రాములు రాసి నడుపుకునే సాఫ్ట్‌వేర్) రెండూ ఉచితం. పాత ల్యాప్‌టాప్‌లోనూ హాయిగా నడుస్తాయి.

▢ అధికారిక సైట్ నుంచే దించుకోండి. ఖాళీలు లేని ఫోల్డర్ పేరు పెట్టండి. విండోస్‌లో లాజరస్ వేస్తే కంపైలర్ దాంతోపాటే వస్తుంది, విడిగా అక్కర్లేదు.

▢ మోడ్ (పాస్కల్‌లో ఏ రకం నియమాలు పాటించాలో కంపైలర్‌కి చెప్పే సెట్టింగ్) చూసుకోండి. ఇది చాలా ముఖ్యం. ఏ మోడూ చెప్పకుండా ఉత్త కంపైలర్‌తో నడిపితే ఇంటీజర్‌కి (పూర్ణసంఖ్యలు దాచే రకం) 16 బిట్లే. అందులో 32767 దాటిన సంఖ్య పట్టదు. రెండు వేరియబుల్స్‌లో 20000 చొప్పున పెట్టి, కూడి, మూడో ఇంటీజర్‌లో వేసి చూడండి: -25536 వస్తుంది! ఎర్రర్ కూడా చూపించదు. ఆబ్జెక్ట్ పాస్కల్ మోడ్‌లో ఇంటీజర్ 32 బిట్లు కాబట్టి 40000 సరిగ్గానే వస్తుంది. నేర్చుకునే రోజుల్లో రేంజ్ చెకింగ్ (సంఖ్య పరిధి దాటితే ఎర్రర్ చూపించే సెట్టింగ్) తప్పకుండా ఆన్‌లో ఉంచండి.

▢ విలువ ఇవ్వడానికి := , పోల్చడానికి = . సీ భాష నుంచి వచ్చినవాళ్లు ఇక్కడే తడబడతారు.

▢ ఎల్స్ (else) ముందు సెమీకోలన్ (;) పెట్టకండి. పెడితే కంపైలర్ ‘సెమీకోలన్ కావాలి, ఎల్స్ కనిపించింది’ అంటుంది. అది చదివి ఇంకో సెమీకోలన్ పెడతాం, టెన్షన్ పెరుగుతుంది. నిజానికి ఉన్నదాన్ని తీసేయాలి.

▢ విండోస్‌లో నల్ల తెర మెరిసి మాయమైతే చివర ఒక రీడ్‌ఎల్‌ఎన్ (readln, ఎంటర్ నొక్కేదాకా ఆగే ఆదేశం) రాయండి. మళ్లీ కంపైల్ చేసే ముందు ఆ తెర మూసేయండి, లేకపోతే కొత్త ఫైల్ తయారవదు.

▢ టర్బో పాస్కల్ (ఒకప్పటి పాస్కల్ కంపైలర్) కాలం పుస్తకం ఉంటే పారేయకండి. లూపులు, ప్రొసీజర్లు, రికార్డులు ఇప్పటికీ అలాగే పనిచేస్తాయి.