సోలార్ యూనిట్లు తగ్గాయా? పానెల్‌ను తిట్టేముందు మీటరు పట్టండి

మహారాష్ట్రలోని చంద్రపూర్, బల్లార్షా, రాజురా వైపు స్లాబు మీద పానెళ్లుంటే బొగ్గు పొడి, థర్మల్ బూడిద, సిమెంటు దుమ్ము మూడూ వాటి మీదకే చేరతాయి. యూనిట్లు తగ్గగానే పానెల్ పోయిందనుకోవడం తొందరపాటు. 540 వాట్ల పానెళ్లు 6 ఉన్న 3 కిలోవాట్ల సెట్టు ఏడాది సగటున రోజుకు 12 యూనిట్ల వరకు ఇవ్వాలి. మే నెలలో ఎండ మండినంతగా కరెంటు రాదు, అది లోపం కాదు. ఆ 540 అనేది పానెల్‌లోని కరెంటు పుట్టించే సెల్ 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పటి లెక్క. సెల్ 65కి చేరితే డిగ్రీకి 0.35 శాతం చొప్పున 14 శాతం అక్కడే పోతుంది. పానెల్ కింద గాలి ఆడనివ్వడం తప్ప దీనికి మందు లేదు. రేకు మీద బిగిస్తే కనీసం జానెడు సందు వదలండి.

దుమ్ము ఎంత తింటోందో కొలవడానికి డీసీ చూపే క్లాంప్ మీటరు (వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచేది) కావాలి. ఏసీ మాత్రమే చూపేది పనికిరాదు. మామూలు మల్టీమీటరు 10 ఆంపియర్ల రంధ్రంలో పెడితే ఫ్యూజు కొట్టేస్తుంది, ఈ పానెళ్లు 13 పైనే ఇవ్వగలవు. ముందు ఏసీ బ్రేకరు, తర్వాత డీసీ ఐసోలేటరు (పానెళ్లను ఇన్వర్టరు నుంచి విడదీసే స్విచ్చి) ఆపండి. కరెంటు పారుతుండగా ఎంసీ4 కనెక్టరు (పానెల్ వైర్లను కలిపే ప్లగ్గు) లాగితే నిప్పు లేస్తుంది. పక్కపక్కన ఉన్న రెండు పానెళ్లలో ఒకటే కడిగి ఆరనివ్వండి. మధ్యాహ్నం పానెల్ మీద మందపాటి దుప్పటి కప్పి, దాని ప్లస్, మైనస్ వైర్లు ఒకదానికొకటి కలిపి, దుప్పటి తీసి కొలవండి. విడదీసేముందు మళ్లీ కప్పాలి. రెండో పానెల్‌నూ వెంటనే కొలవాలి, మబ్బు అడ్డొస్తే లెక్క చెడుతుంది. కడిగినది 11.2 ఆంపియర్లు, కడగనిది 10.3 చూపిస్తే దుమ్ము వాటా 8 శాతం.

కడగడం తెల్లవారుజామునే. కాలిన అద్దం మీద చన్నీళ్లు పోస్తే పగలొచ్చు. బోరు నీళ్లు ఎండితే తెల్ల మరకలు మిగులుతాయి, వాన నీళ్లు మేలు. సిమెంటు దుమ్ము మంచుకు తడిసి కింది అంచున గట్టిపడుతుంది. తడిగుడ్డ పది నిమిషాలు పరిచి నానబెట్టండి, చాకుతో గీకొద్దు.

కడిగినా తేడా పోలేదంటే ఒక్కో పానెల్ వోల్టేజీ చూడండి. విడిగా కొలిస్తే మధ్యాహ్నం వేడిలో 44 వోల్టుల దగ్గర ఉండాలి. అన్నీ 44 చూపించి ఒక్కటే 29 చూపిస్తే అందులోని మూడు బైపాస్ డయోడ్లలో (నీడ పడ్డ భాగాన్ని తప్పించి కరెంటును పక్కదారి పట్టించేవి) ఒకటి షార్టయింది, మూడో వంతు పానెల్ పని చేయట్లేదు. వోల్టేజీ సరిగ్గా ఉంది కదా అని వదిలేయొద్దు. లోపలి అతుకు వదులైతే వోల్టేజీ మారదు, వేడి చెప్తుంది. సెట్టు నడుస్తుండగా పానెల్ వెనకవైపు, కనెక్టర్ల మీద ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు తిప్పండి. పక్కవాటికంటే 15 డిగ్రీలు ఎక్కువున్న చోటే దొంగ. కనెక్టరైతే తరచూ పట్టకారుతో నొక్కిన క్రింపు (వైరు చివర లోహపు మొనను నొక్కి బిగించిన అతుకు) వల్లే. క్రింపింగ్ టూలుతో కొత్తది వేయాలి.

వానాకాలం వస్తే ఇంకో తలనొప్పి. ఇన్వర్టరు పొద్దున ఇన్సులేషన్ ఫాల్ట్ అని, అంటే కరెంటు ఎర్తుకు కారుతోందని చూపి ఆగుతుంది, తడి ఆరాక తనంతట తానే నడుస్తుంది. మధ్యాహ్నం మెకానిక్ వచ్చేసరికి అన్నీ బాగుంటాయి. అందుకే తప్పు ఉన్నప్పుడే, పొద్దున్నే పట్టుకోవాలి. డీసీ ఐసోలేటరు ఆపి, రబ్బరు గ్లవుజులు తొడిగి, 1000 వోల్టుల దాకా తట్టుకునే మీటరుతో, ఒకదాని వెంట ఒకటి కలిపిన ఆరు పానెళ్ల మొత్తం వరుస వోల్టేజీ చూడండి, 264 అనుకుందాం. తర్వాత ప్లస్‌కూ ఎర్తుకూ మధ్య, మైనస్‌కూ ఎర్తుకూ మధ్య కొలవండి. బాగున్న వరుసలో అంకెలు జారుతూ సున్నా వైపు వెళ్తాయి. ప్లస్ వైపు 88, మైనస్ వైపు 176 దగ్గర నిలిచిపోయాయంటే ఎక్కడో ఎర్తు తగులుతోంది. 88ని ఒక పానెల్ వోల్టేజీ 44తో భాగిస్తే 2. అంటే ప్లస్ చివర నుంచి రెండో పానెల్‌కూ మూడోదానికీ మధ్యనున్న వైరు లేదా కనెక్టరు. అక్కడ ఫ్రేము అంచుకు ఒరుసుకున్న తొడుగో, ఎలక కొరుకుడో, నీళ్లు దిగిన కనెక్టరో కనిపిస్తుంది. ఒక వైపు సున్నా, రెండో వైపు నిండా 264 చూపిస్తే పానెళ్ల జోలికి పోకండి. కిందికి దిగే కేబులో, డీసీ డబ్బాలోని సర్జ్ ప్రొటెక్టరో (పిడుగు వంటి హఠాత్తు అధిక వోల్టేజీని ఆపేది) చూడండి.

బాగుచేశాక డీసీ ఐసోలేటరు ముందు, ఏసీ బ్రేకరు తర్వాత వేయండి. మర్నాడు మంచు ఆరకముందే ఎర్తుతో తీసిన ఆ రెండు కొలతలు మరోసారి తీసుకోండి.