రజో పండగలోపు షెడ్డు సర్దుకునేవాళ్లకు

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా ఇంటి వెనక ఉన్నది పేరుకే కారు షెడ్డు. అందులో కారు నిలబడి ఏళ్లయింది. స్కూటరు, పాత తలుపు రెక్కలు, సగం వాడిన రంగు బకెట్లు, గోనెసంచులు, ఎందుకు దాచామో ఎవరికీ గుర్తులేని ఇనప గొట్టాలు మాత్రం ఉన్నాయి. బరంపురం, గుణుపురం, రాయగడ వైపు మన తెలుగువాళ్ల ఇళ్లలోనూ ఇదే తంతు. అందరం ఒకే మాట అంటాం: "ఈసారి అరలు కొట్టించేద్దాం."

కొట్టించండి, లేదా మీరే కొట్టుకోండి. కానీ రోహిణి కార్తెలోనే తెమల్చండి. జూన్ నడిమికి ఒడియావాళ్ల రజో పండగ వస్తుంది, ఆ మూడు రోజులూ పనివాళ్లు దొరకరు. ఆ వెనకే వానలు. బొరియల్లోకి నీళ్లు దిగితే పాములు పొడిచోటు వెతుక్కుంటాయి, మన గోనెసంచుల కుప్ప వాటికి పరిచిన పరుపే. రోళ్లు పగిలే ఎండ కాబట్టి రేకుల షెడ్డులో పొద్దున ఆరింటికి దిగి తొమ్మిదికల్లా బయటపడాలి. ఒక్కరోజులో అయిపోవాలన్న పంతం వద్దు.

మొదటి రోజు నేను వంగి సంచి అంచు పట్టుకోబోతే, సాయానికి వచ్చిన ఆవిడ నా మోచెయ్యి పట్టుకుని ఆపేసింది. "చెయ్యి పెట్టకండి బాబూ, ముందు కర్రతో కదపండి." కదిపితే తేళ్లు రెండు వచ్చాయి. మూడో సంచి కింద నల్లటి ఒంటిమీద సన్నని తెల్లచారల కట్లపాము, చుట్ట చుట్టుకుని పడుకుంది. నేను బయటకొచ్చి మంచినీళ్లు అడిగాను. పాము కనబడితే దాని దారి వదిలి దూరంగా నిలబడండి, పట్టేవాళ్లకో అటవీ శాఖకో కబురు పెట్టండి. కర్రతో కొట్టబోయి కాటు తిన్నవాళ్లు తక్కువేం కాదు.

కుప్ప కదిపేటప్పుడు బూట్లు, తోలు చేతితొడుగులు, చేతిలో టార్చి ఉండాలి. సంచిని మన వైపు లాక్కోకండి. అవతలి అంచుకి కొక్కెం తగిలించి, అడ్డుగా సంచే ఉండేటట్టు ఎత్తండి. ఎలుక పెంటికలున్న చోట పొడి చీపురుతో ఊడిస్తే ఆ దుమ్మంతా ముక్కులోకే. బ్లీచింగ్ నీళ్లు చల్లి, కాసేపు నాననిచ్చి, తడిగా తుడవాలి. ఎలుక మూత్రం పుండుకి తగిలితే ఎలుక జ్వరం రావచ్చు, అందుకే చేతికి గాయముంటే ఆ పూట మానేయండి.

పాము కాటు పడితే కట్టు బిగించడం, కొయ్యడం, నోటితో పీల్చడం, మంత్రాలవాడి దగ్గరికి పరుగెత్తడం, ఏదీ వద్దు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా బద్ద ఆనించి 108కి ఫోన్ చెయ్యండి, విరుగుడు మందున్న ఆసుపత్రికి చేర్చండి. కట్లపాము కాటుకి నొప్పి, వాపు పెద్దగా ఉండకపోవచ్చు. గంటల తర్వాత రెప్పలు వాలిపోతాయి. "ఏం కాలేదులే" అని పడుకోబెట్టకూడదు.

ఇక అరలు. నా మొదటి అర కథ చెప్పాలి. పాత తలుపు రెక్కలు చీల్చి, మేకులు కొట్టి, ఆరడుగుల ఎత్తు నిలబెట్టాను. కిందంతా ఖాళీ వదిలి పైన నీళ్ల మోటారు పెట్టాను, చూడ్డానికి బాగుందని. వారానికి అది మెల్లగా పక్కకి ఒరిగి స్కూటరు మీద పడుకుంది. తప్పులు మూడు. కాళ్ల మధ్య ఏటవాలు బద్ద లేదు. గోడకి పట్టు లేదు. బరువు పైన ఉంది.

20 లీటర్ల రంగు బకెట్టు నిండుగా ఉంటే 25 కిలోలు దాటుతుంది. నాలుగు వరసగా పెడితే రెండు సిమెంటు బస్తాల బరువు. అందుకే 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ అయినా రెండున్నర అడుగులకో ఆధారం ఉండాలి, మేకులకి బదులు స్క్రూలు, బోల్టులు వాడాలి. బకెట్లు, మోటారు, పనిముట్ల పెట్టె కింది అరకే. పైకి తేలికైనవి. గోడకి రెండు చోట్ల ఎల్ క్లాంపు బిగించండి. మన పాత ఇళ్ల సున్నపు గోడల్లో బోల్టు పట్టదు, పొడి రాలుతుంది. అలాంటి చోట అర పైభాగాన్ని దూలానికి కట్టేయడమే మేలు. కాళ్లు మట్టిలో పాతకండి, రాతిముక్క మీద నిలబెట్టండి. గోడకి రెండంగుళాలు ఎడం ఉంటే చెద మట్టిగొట్టం కట్టుకుంటూ వస్తున్నప్పుడే కంటబడుతుంది.

నా మట్టుకు నాకు తలుపులున్న బీరువాలకన్నా తెరిచున్న అరలే నయం. కింది అర నేలకి అడుగు ఎత్తున ఉండాలి, దాని కింద ఏమీ పెట్టకూడదు. గుమ్మంలో నిలబడి టార్చి వేస్తే వెనక గోడ అడుగుదాకా కనబడాలి. అంతెత్తున వదిలితే చోటు దండగని ఇంట్లో గొణుగుతారు. గొణగనివ్వండి.

డ్రిల్లు పట్టేముందు మెయిన్ ఆపితే చాలదు. ఇన్వర్టరు లైను అప్పుడూ బతికే ఉంటుంది, అదీ ఆపాలి. స్విచ్చిబోర్డుకి నిట్టనిలువుగా పైనా కిందా గోడ తొలవకండి, తీగలు ఎక్కువగా అటే పోతాయి. పైకప్పు సిమెంటు రేకులైతే వాటికి చిల్లులు పెట్టి కొక్కేలు వేలాడదీసే ఆలోచన మానుకోండి. పాత రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, ఆ ధూళి ఊపిరితిత్తుల్లో చేరితే బయటకు రాదు. వాటి మీద కాలూ పెట్టకండి, పుటుక్కున విరుగుతాయి.

సీసాల సంగతి. కూల్‌డ్రింకు సీసాలో పోసిన పురుగుమందు ఉంటే ఈ రోజే తీసేయండి. పిల్లలు దాన్ని సీసాగానే చూస్తారు. బ్లీచింగ్ పౌడరు, బాత్‌రూం యాసిడ్ ఒకే అరలో పెట్టకూడదు, రెండూ కారి కలిస్తే క్లోరిన్ వాయువు. పెట్రోలు అసలే దాచకండి. దాని ఆవిరి గాలికన్నా బరువు, నేలబారుగా పాకి ఎక్కడో ఉన్న నిప్పురవ్వని పట్టుకుంటుంది. ఇన్వర్టరు బ్యాటరీ ఛార్జి అవుతున్నప్పుడు హైడ్రోజన్ వదులుతుంది, దాని చుట్టూ గాలాడాలి.

అక్టోబరులో మళ్లీ ఒకసారి చూసుకోవాలి. 2013లో ఫైలిన్ తుఫాను అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది, 2018లో తిత్లీ అక్టోబరు 11న పలాస వైపు దాటి మా గజపతి జిల్లాని అతలాకుతలం చేసింది. తుఫాను కబురు రాగానే పై అరలు ఖాళీ చేసి బరువైనవి, ఎగిరిపోయేవి ఇంట్లోకి చేర్చండి. రేకు లేచిపోతే పై అర సామానే ముందు గాల్లోకి లేస్తుంది. మహేంద్రతనయ నది ఒడ్డున, వంశధార పల్లంలో ఉన్నవాళ్లకి మాత్రం లెక్క వేరు. పురుగుమందు సీసాలు, బ్లీచింగ్ పౌడరు నీళ్లకి అందని ఎత్తుకి ఎక్కించాలి.

టార్చి మాత్రం ఏ అరలోనూ పెట్టకండి. గుమ్మం పక్కన, లోపల అడుగు పెట్టకుండానే చెయ్యి అందే మేకుకి వేలాడదీయండి.