అడవి కార్బన్ ఒప్పందంపై సంతకానికి ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

అడవిని నరకకుండా కాపాడినందుకు డబ్బు చెల్లించే పథకాలలో అవినీతి నిధులు చేతికి వచ్చాకే మొదలవుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది అంతకు ఎంతో ముందే, పటం గీసే చోట, హక్కుదారుల జాబితా రాసే చోట, అంచనాలు కట్టే చోట మొదలవుతుంది. 2007 బాలి వాతావరణ సదస్సు తర్వాత రూపుదిద్దుకున్న రెడ్ ప్లస్ (అడవుల నరికివేత, క్షీణత వల్ల వెలువడే కార్బన్‌ను తగ్గించే అంతర్జాతీయ ఏర్పాటు) వంటి విధానాలలో చేరబోయే అటవీ సంఘాలు అందువల్ల సంతకానికి ముందు నెలల్లోనే మెలకువగా ఉండాలి.

అడవిలో నిల్వ ఉన్న కార్బన్‌కు విలువ వస్తుందని తెలియగానే, అంతవరకు ఎవరూ పట్టించుకోని భూమికి కొత్త యజమానులు పుట్టుకొస్తారు. కాబట్టి గత కొన్నేళ్లలో రికార్డులలో జరిగిన పేరు మార్పులను, సరిహద్దు సవరణలను తీయించి చూడాలి. భూమిపై హక్కు ఉన్నంత మాత్రాన కార్బన్‌పై హక్కు ఉన్నట్టు కాదు. దాన్ని స్థానిక చట్టం ఎవరికి ఇచ్చిందో విడిగా తేల్చుకోవాలి.

ఎక్కువ సమయం వెచ్చించవలసింది మాత్రం ప్రాతిపదిక లెక్క మీద. పథకం లేకపోతే ఎంత అడవి పోయేదన్న ఊహ నుంచే క్రెడిట్ల (గాలిలోకి చేరకుండా ఆపిన కార్బన్‌కు లెక్కగా ఇచ్చే, అమ్ముకోగల యూనిట్ల) సంఖ్య వస్తుంది. ఎలాగూ ఏటా 20 హెక్టార్లే పోయే చోట 100 పోతాయని కాగితం మీద రాస్తే, ఒక్క చెట్టునూ అదనంగా కాపాడకుండానే 80 హెక్టార్లకు క్రెడిట్లు పుడతాయి. ఇందులో లంచం ఎక్కడా కనిపించదు, అంతా పట్టికల్లోనే జరిగిపోతుంది. ఆ అంకెకు ఏ సంవత్సరాలను, ఏ ప్రాంతాన్ని ఆధారంగా తీసుకున్నారో, వేరే సంవత్సరాలను తీసుకుంటే ఎంత వస్తుందో రాతపూర్వకంగా అడగాలి. ల్యాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాలు 2008 నుంచి ఉచితంగా దొరుకుతున్నందున స్వతంత్రంగా సరిచూసుకోవడం అసాధ్యమేమీ కాదు. ఈ లెక్కలను తనిఖీ చేసే ఆడిటర్‌కు ఫీజు ఇచ్చేది పథకం నడిపేవారే అయిన చోట ఈ పరిశీలన మరీ అవసరం.

నిధుల విషయంలో ఇండోనేషియా అనుభవం గుర్తుంచుకోదగినది. అక్కడ 1989లో ఏర్పడిన అడవుల పునరుద్ధరణ నిధి నుంచి 1994లో ఒక విమాన తయారీ సంస్థకు రుణం మళ్లించారు. ఆ నిధి వ్యవహారాలలో అయిదేళ్లలో 520 కోట్ల డాలర్ల ప్రజాధనం నష్టమైందని 1999 నాటి ఆడిట్ తేల్చింది. చెట్ల పేరిట వచ్చిన డబ్బు చెట్లకే చేరుతుందన్న నమ్మకం చాలదు: ప్రత్యేక ఖాతా ఉండాలి, జమాఖర్చులు ఊరి భాషలో బహిరంగంగా ప్రకటించాలి, మధ్యవర్తి వాటా శాతం ఒప్పందంలోనే ఉండాలి.

స్థానికుల సంపూర్ణ భాగస్వామ్యం 2010 కాన్‌కూన్ వాతావరణ సదస్సు ఆమోదించిన రక్షణ నియమాలలో ఉన్నదే. అయినా సమావేశపు హాజరు పట్టీలోని సంతకాలనే అంగీకార పత్రానికి జతచేసే వీలుంటుంది కనుక, ఏ కాగితం దేనికోసమో పైన రాయించకుండా ఎవరూ సంతకం చేయకూడదు. ఊరిపెద్ద ఒక్కరి అంగీకారాన్ని ఊరి అంగీకారంగా చూపనివ్వకూడదు. ఒప్పందాన్ని సభ్యులకు సైతం చూపరాదన్న గోప్యతా షరతు ఉంటే, దాన్ని తొలగించేవరకు సంతకం ఆపాలి.